చెరువుకట్ట బలి కథలు – డిస్టోపియా సాహిత్యంలో సహానుభూతి

పదిమంది క్షేమానికి ఒక ప్రాణాన్ని మూల్యంగా కట్టే లోకాన్ని చిత్రించే కథలు డిస్టోపియా సాహిత్యంలో ఒక ముఖ్యమైన పాయ. ఆ లోకపు లెక్కను చూపుతూనే, అవి పాఠకుణ్ణి బలి అయ్యే మనిషి పక్కన నిలబెడతాయి. సహానుభూతికి వాటిలో ఉన్న పని అదే. ఈ లెక్క అనంతపురం సీమలో చెరువుకట్ట బలి కథగా చాలాకాలం నుంచీ ఉంది.

అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువు 14వ శతాబ్దంలో మొదటి బుక్కరాయల కాలం నాటిది. ఒకసారి వానలు ముంచెత్తి కట్ట తెగబోయిందని, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను ఇస్తే ఊరు నిలుస్తుందని దైవవాణి పలికిందని, ఆమె తనంత తానే గండిలోకి నడిచిందని ఐతిహ్యం. సి.పి. బ్రౌన్ ప్రకటించిన అనంతపుర చరిత్రలోని ఈ కథను కట్టమంచి రామలింగారెడ్డి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివే రోజుల్లో ‘ముసలమ్మ మరణము’గా మలిచారు. 1900లో వెలువడిన ఈ కావ్యాన్ని ఆధునిక తెలుగు ఖండకావ్యాలకు ఆద్యమంటారు. ఇందులోని కరుణ అంతా ఆమె త్యాగం చుట్టూ అల్లుకున్నది. బలి అడిగిన ఏర్పాటును కావ్యం నిలదీయదు.

ఆ పని కొంతవరకు కన్నడ జానపదం చేసింది. ఇదే సీమలోని గుడిబండ, మడకశిర వైపు తెలుగూ కన్నడమూ కలిసే నడుస్తాయి. కన్నడంలో ప్రసిద్ధమైన ‘కెరెగె హార’ పాటలో చెరువుకు గండి పడదు. మల్లనగౌడ తవ్వించిన చెరువులో నీళ్లే పడవు. పెద్దకోడలిని బలి ఇస్తే ఇంటి పెద్దరికానికి లోటని, అతని ఇంట్లో వాళ్లు చిన్నకోడలు భాగీరథిని ఎంచుతారు. పుట్టింటికి వెళ్లిన ఆమె కన్నవాళ్లకు అసలు సంగతి చెప్పదు, వేరు కాపురం పెడతారట అని తప్పించుకుంటుంది. స్నేహితురాలికి మాత్రం నిజం చెబుతుంది. ఆ స్నేహితురాలు కూడా అత్తింటివాళ్లు ఎలా ఉంచితే అలా ఉండాలి కదా అంటుంది. పాట మొత్తంలో గుండెను కోసే ఘట్టం ఇదే. గంగపూజ అయ్యాక మరిచిపోయిన బంగారు గిన్నె కోసం భాగీరథి ఒక్కతే వెనక్కి వెళుతుంది. మెట్టు మెట్టుకీ నీళ్లు పైకెక్కుతాయి. దండులో ఉన్న భర్త మాదేవరాయుడు ఇల్లు చేరి, జరిగింది తెలుసుకుని అదే చెరువులో దూకుతాడు. ఊరికి నీళ్లు దక్కినా, ఆ చావుతో పాట ఊరి లెక్కను ఒప్పుకోదు.

ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ కథ ఈ ఇతివృత్తాన్ని మరింత కఠినంగా అందుకుంది. షిర్లీ జాక్సన్ 1948 నాటి ‘ది లాటరీ’లో చీటీ ఎవరికి వస్తే వారిని ఊరు రాళ్లతో కొట్టి చంపుతుంది. ఈసారి చీటీ ఒక తల్లికి వస్తుంది, ఆమె పసివాడి చేతికీ గులకరాళ్లు అందిస్తారు. ఉర్సులా లెగ్విన్ 1973లో రాసిన ఒమెలాస్ కథలో నగర సౌభాగ్యమంతా చీకటి గదిలో మగ్గే ఒక బిడ్డ మీద నిలబడి ఉంటుంది. పౌరులు ఆ బిడ్డను చూస్తారు, కుమిలిపోతారు, చాలామంది సర్దుకుపోతారు. కొందరు నగరం విడిచి పోతారు, కానీ బిడ్డ గదిలోనే ఉంటుంది. జాలికీ చేతకూ మధ్య దూరాన్ని ఇంత నిక్కచ్చిగా చూపిన కథ మరొకటి అరుదు.

తెలుగు సినిమాలో ఈ వరుసకు చెందినది నాగ్ అశ్విన్ 2024లో తీసిన ‘కల్కి 2898 ఏడీ’. అందులో కాంప్లెక్స్ అనే సంపన్నుల నగరపు పాలకుడి కోసం గర్భిణుల నుంచి సీరం తీస్తారు. వాళ్లకు పేర్లుండవు, సంఖ్యలే. సమ్-80 అనే ఆమె తప్పించుకుని, తిరుగుబాటుదారుల ఆశ్రయమైన శంబలకు వెళ్లే దారిలో సుమతి అవుతుంది. భాగీరథికి దొరకని తోడు ఈమెకు శంబల తిరుగుబాటుదారు కైరా రూపంలో దొరుకుతుంది. సుమతిని కాపాడే పోరులో కైరా ప్రాణం పోతుంది.