కాకినాడ, కొయిడు, కాల్గరీ: కెనడా వాలంటీర్ల చూపు మారిన కథ

పంతొమ్మిదో శతాబ్దం చివరి నాటికే కెనడాలోని ఒంటారియో బాప్టిస్టు కుటుంబాలకు కాకినాడ, తుని, సామర్లకోట తెలిసిన పేర్లు. 1878లో మొదలైన 'కెనడియన్ మిషనరీ లింక్' పత్రిక ఈ ప్రాంతపు ఊళ్ల కబుర్లను వాళ్ల ఇళ్లకు చేరవేసేది. అంతకు నాలుగేళ్ల ముందు, తంతి శాఖ ఉద్యోగం వదులుకుని కాకినాడలో సేవ ప్రారంభించిన థామస్ గాబ్రియేల్ అనే తెలుగు క్రైస్తవుడు పిలవడంతో, కెనడా మిషనరీ జాన్ మెక్‌లారిన్ 1874లో అక్కడికి చేరుకున్నారు. కాకినాడలో మెక్‌లారిన్ హైస్కూలు ఆయన పేరు మీదే వెలిసింది.

ఇక్కడికి వచ్చినవాళ్లు తెలుగు నేర్చుకున్నారు, దశాబ్దాల తరబడి ఉండిపోయారు. వాళ్లకు ఇరుగూ పొరుగూ ఉన్నారు, పేరుపేరునా తెలిసిన మనుషులున్నారు. పత్రిక చదివి చందాలిచ్చే ఒంటారియో పాఠకులకు మాత్రం ఎక్కువగా కనిపించింది రోగాలు, పేదరికం, అజ్ఞానం. చందా అడగాలంటే లేమినే ముందు పెట్టాలి. అలా తెలుగు నేల అంటే కరుణ చూపవలసిన చోటు అనే భావన ఒక తరానికి స్థిరపడింది.

1961లో ఈ వరసకు కొత్త మలుపు వచ్చింది. టొరంటో విశ్వవిద్యాలయ విద్యార్థి కీత్ స్పైసర్ చొరవతో పుట్టిన 'కెనడియన్ ఓవర్సీస్ వాలంటీర్స్' బృందం తొలి పట్టభద్రులను ఇండియా, సిలోన్, సారవాక్‌లకు పంపింది. ఇలాగే వాలంటీర్లను విదేశాలకు పంపేందుకు అదే ఏడాది జూన్‌లో మాంట్రియల్‌లో 'కూసో' సంస్థ ఏర్పడింది. దాని తొలి నిర్వాహకుల్లో ముఖ్యుడైన లూయిస్ పెరింబం మలయాలో పుట్టిన భారత సంతతి వ్యక్తి. కూసో పద్ధతి సూటిగా ఉండేది. వాలంటీరు రెండేళ్లు ఉండాలి. ఉద్యోగం ఇచ్చేది వెళ్లిన దేశమే, జీతం దాదాపు అక్కడివాళ్లకు ఇచ్చే స్థాయిలోనే.

ఈ నియమాలే చాలా మార్చాయి. స్థానిక హెడ్మాస్టరు కింద పాఠాలు చెప్పి, ఆ జీతంతోనే నెల గడుపుకున్న యువతకు, తాము నేర్పించేదానికన్నా నేర్చుకునేదే ఎక్కువని అర్థమైంది. నైపుణ్యం లేకపోవడం ఒక్కటే పేదరికానికి కారణమన్న నమ్మకం సడలింది. పంటకు ధర ఎవరు కడుతున్నారు, గనుల సంపద ఎటు పోతోంది అన్న ప్రశ్నలతో చాలామంది తిరిగి వచ్చారు. 1970ల్లో కూసో ఆఫ్రికా దక్షిణ ప్రాంతపు విముక్తి పోరాటాలకు అండగా నిలవడం వెనుక ఈ అనుభవం ఉంది.

ఇయాన్ స్మైలీ జీవితం దీనికి గట్టి ఉదాహరణ. 1960ల చివర్లో ఆయన కూసో వాలంటీరుగా సియర్రా లియోన్‌లోని కొయిడులో బడిపంతులుగా పనిచేశారు. అది వజ్రాల గనుల ఊరు. 1991లో మొదలైన అంతర్యుద్ధం ఆ వజ్రాల సొమ్ముతోనే సాగింది. ఒట్టావాలోని 'పార్ట్‌నర్‌షిప్ ఆఫ్రికా కెనడా' సంస్థ 2000లో ఈ రక్తపు వజ్రాల వ్యాపారాన్ని బయటపెట్టిన నివేదికను ప్రచురించినప్పుడు దాని రచయితల్లో స్మైలీ ఒకరు. ముడి వజ్రాల అంతర్జాతీయ వ్యాపారానికి ధ్రువపత్రం తప్పనిసరి చేసిన కింబర్లీ విధానం 2003లో అమల్లోకి వచ్చింది. 2008లో, సియర్రా లియోన్ యుద్ధంలో పాత్రకు గాను లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌పై విచారణ సాగినప్పుడు మొదటి సాక్షిగా బోనెక్కింది కూడా ఆయనే. ఒకప్పుడు తాను పాఠాలు చెప్పిన ఊరి నష్టం ఆయనకు దూరదేశపు వార్త కాలేదు.

మాంట్రియల్ ప్రచురణకర్త జాక్ హెబేర్ మరో అడుగు ముందుకు వేశారు. 1971లో ఆయన స్థాపించిన 'కెనడా వరల్డ్ యూత్' కార్యక్రమంలో ఒక కెనడా యువకుడికి వేరే దేశపు యువకుడు జతగా ఉండేవాడు. ఇద్దరూ కొన్ని నెలలు కెనడాలో, కొన్ని నెలలు ఆ రెండో దేశంలో స్థానికుల ఇళ్లలో ఉండి పనిచేసేవారు. వచ్చిన అతిథి కూడా కెనడా పల్లెను చూసి ప్రశ్నలు వేసేవాడు. చూసేవాడు, చూపించుకునేవాడు అన్న తేడా అక్కడ చెరిగిపోయేది.

ఇప్పుడు రెండు మూడు వారాల సేవా యాత్రలు పెద్ద వ్యాపారమయ్యాయి. డబ్బు కట్టి వెళ్లే యువతకు భాష రాదు, పై అధికారి స్థానికుడు కాడు. అనాథాశ్రమంలో ఫొటోలు దిగి తిరిగొస్తారు. కంబోడియాలో అలాంటి ఆశ్రమాల్లోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. ఒంటారియో పాఠకులు ఒకనాడు దూరం నుంచి చూసిన లేమినే వీళ్లు దగ్గరి నుంచి చూసి వస్తున్నారు.

తెలుగు నేల విషయంలో ఆ చూపు ఎలా మారిందో శ్రీకాకుళం జిల్లా సోంపేట చెబుతుంది. అక్కడ కంటి ఆసుపత్రి నడిపిన కెనడా మిషనరీ వైద్యుడు బెన్ గల్లిసన్ మాటలు కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్‌ను కదిలించాయి. 25 డాలర్లతో ఒకరికి చూపు తెప్పించవచ్చన్న లెక్కతో 1963లో 'ఆపరేషన్ ఐసైట్' మొదలైంది. తరవాత దశాబ్దాల్లో ఆ సంస్థ హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్‌.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థతో చేయి కలిపింది. ఈ నేత్ర వైద్య సంస్థ ఊళ్లలో నెలకొల్పిన ఒక్కో దృష్టి కేంద్రం సుమారు 50,000 మందికి సేవలందించేలా ఏర్పాటైంది. అక్కడ కళ్లు పరీక్షించేది శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులే. కంటి వైద్యంలో శిక్షణ కోసం ఇప్పుడు విదేశాల వైద్యులు హైదరాబాదు వస్తున్నారు.