తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో మధుమేహ చికిత్స, నర్సింగ్ సేవల చరిత్ర

కృష్ణా డెల్టా పశ్చిమ కాలువల కింద ఉన్న తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ మధుమేహాన్ని అందరూ ‘షుగరు’ అనే అంటారు. మూడు ఊళ్లూ పాత గుంటూరు జిల్లావే. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల విభజనలో తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. బాపట్ల కొత్త జిల్లాకు కేంద్రమైంది, రేపల్లె ఆ జిల్లాలో చేరింది. షుగరు మందులన్నీ దాదాపుగా బయటి ప్రపంచంలో పుట్టి ఇక్కడికి వచ్చినవే. ఆ మందును రోగి ఒంటికి సరిపడేలా అందించే పని, అంటే కొలవడం, పొడవడం, తిండి సంగతి అడగడం, కాలు చూడడం, ఇక్కడి నర్సుల చేతుల మీదుగా నడిచింది. మందు ముందు వచ్చింది, సేవ పల్లె దాకా చాలా ఆలస్యంగా వచ్చింది. ఈ ప్రాంతపు మధుమేహ చరిత్రలో అసలు విషయం ఆ ఎడమే.

తొలి పునాదులు

తియ్యటి మూత్రానికి చీమలు పట్టడాన్ని మన ప్రాచీన వైద్యులు గమనించారు. చరక, సుశ్రుత సంహితలు ప్రమేహాల్లో ఒకటిగా మధుమేహాన్ని వర్ణించాయి. రోగాన్ని గుర్తుపట్టడం తెలిసినా దాన్ని ఆపే మందు 20వ శతాబ్దం దాకా ఎక్కడా లేదు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లియోనార్డ్ థామ్సన్‌కు ఇన్సులిన్ ఇచ్చేవరకూ, చిన్నవయసులో షుగరు వచ్చిన పిల్లలను తిండి తగ్గించి కొన్నాళ్లు నిలబెట్టడం తప్ప వైద్యులు చేయగలిగింది లేదు. ఇన్సులిన్‌ను కనిపెట్టినవారు పేటెంటు హక్కును తలా ఒక్క డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు.

గుంటూరు ప్రాంతంలో ఆధునిక నర్సింగ్‌కు అంతకుముందే పునాది పడింది. అమెరికన్ లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా శారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. 1898లో స్త్రీల కోసం ఆస్పత్రి తెరిచారు, అదే నేటి కుగ్లర్ ఆస్పత్రి. 1946లో గుంటూరు వైద్య కళాశాల మొదలైంది. అయినా షుగరుకు ప్రత్యేక వైద్యం కావాలంటే మద్రాసు వెళ్లాల్సిందే. 1953 వరకూ ఇదంతా మద్రాసు రాష్ట్రమే కదా! తెనాలి, బాపట్ల రెండూ మద్రాసుకు వెళ్లే ప్రధాన రైలు మార్గం మీదే ఉన్నాయి. 1948లో మద్రాసు స్టాన్లీ ఆస్పత్రిలో డాక్టర్ ఎం. విశ్వనాథన్ మధుమేహానికి విడిగా ఒక విభాగం నెలకొల్పారు. దేశంలో అలాంటిది అదే మొదటిది.

గాజు సిరంజీ, స్పిరిట్ దీపం

రక్తంలో చక్కెరను మంచం పక్కనే చూసే వీలు లేని రోజుల్లో నర్సుకు ఆధారం బెనెడిక్ట్ పరీక్ష. పరీక్షనాళికలో 5 మి.లీ. బెనెడిక్ట్ ద్రావణం పోసి, 8 చుక్కల మూత్రం కలిపి, స్పిరిట్ దీపం మీద మరగనిచ్చేవారు. ద్రావణం నీలంగానే ఉంటే మూత్రంలో చక్కెర లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే కొద్దిగా ఉన్నట్టు. పసుపు, నారింజ రంగులు దాటి ఇటుక ఎరుపుకు వస్తే బాగా ఎక్కువగా ఉన్నట్టు. ఆ రంగును కేసు షీటులో రాసుకుని, దాన్నిబట్టి ఇన్సులిన్ మోతాదు ఇచ్చేవారు. ఈ పద్ధతిలో పెద్ద లోపం ఒకటుంది. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితేగాని మూత్రంలోకి దిగదు. అందుకని నీలం రంగు వచ్చినంత మాత్రాన అంతా బాగుందని చెప్పలేం. చక్కెర ప్రమాదకరంగా పడిపోయిన రోగికీ అదే నీలం కనిపిస్తుంది. మనిషికి చెమటలు పడుతున్నాయా, చేతులు వణుకుతున్నాయా, మాట తడబడుతోందా అని చూసి కనిపెట్టడం నర్సు కంటిమీదే ఆధారపడి ఉండేది.

ఇన్సులిన్ సూది కూడా అంత తేలిక కాదు. గాజు సిరంజీని నీళ్లలో మరిగించి, సూది మొన మొద్దుబారితే రాయి మీద సానపెట్టి మళ్లీ వాడేవారు. ఇన్సులిన్ ప్రభావం ఎక్కువసేపు నిలవడానికి 1936లో డెన్మార్కులో హాగెడార్న్ అనే శాస్త్రవేత్త ప్రోటమిన్ అనే ప్రోటీను కలిపారు. ఆ దారిలోనే 1946లో ఎన్‌పీహెచ్ వచ్చింది, అది మబ్బురంగు ఇన్సులిన్. రెండు రకాలనూ ఒకే సిరంజీలోకి తీయాల్సి వస్తే తేటగా ఉన్నది ముందు, మబ్బుగా ఉన్నది తర్వాత. నర్సింగ్ విద్యార్థులకు ఇది నేటికీ మొదట నేర్పే పాఠాల్లో ఒకటి.

బిళ్ళల కాలం

1956లో టోల్‌బ్యుటమైడ్, 1960ల చివర్లో గ్లిబెన్‌క్లమైడ్ వాడుకలోకి వచ్చాయి. ఇక్కడి మందుల షాపుల్లో రాస్టినాన్, డయోనిల్ అనే పేర్లతో అవి జనానికి తెలుసు. సూది భయం ఉన్న పల్లెవాసికి బిళ్ళ ఒక వరమే. పాంక్రియాస్‌ను ప్రేరేపించి ఇన్సులిన్ ఎక్కువగా వదిలించడం వాటి పని. తిండి తిన్నా తినకపోయినా ఆ పని జరిగిపోతుంది. పొద్దున్నే బిళ్ళ వేసుకుని, అన్నం తినకుండా పొలానికి వెళ్లిన మనిషికి పదకొండు గంటలకల్లా కళ్లు తిరుగుతాయి. పక్కనున్నవారు ఎండదెబ్బ అనుకుంటారు.

‘లో షుగరు’ వచ్చినప్పుడు చేయాల్సింది చిన్న పనే. మనిషి తెలివిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, సిరలోకి గ్లూకోజు ఎక్కించాలి. గ్లిబెన్‌క్లమైడ్ చాలాసేపు పనిచేసే మందు. కిడ్నీలు బలహీనమైన ముసలివాళ్లు లేచి కూర్చోగానే ఇంటికి పంపిస్తే రాత్రికి మళ్లీ పడిపోతారు. అందుకే అలాంటివారిని ఒక రోజైనా ఆస్పత్రిలో ఉంచి చూడాలి. ఈ కబురు రోగి ఇంట్లోవాళ్లకు చేరితే ప్రాణం నిలుస్తుంది. దీన్ని చెప్పే బాధ్యత డాక్టరు చీటీకన్నా నర్సు నోటికే ఎక్కువ.

ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ 1957లో మెట్‌ఫార్మిన్ వాడకాన్ని ప్రకటించారు. దాని మూలం యూరప్ పల్లెల్లో పెరిగే గలీగా అనే మొక్క రసాయనం. దాని సోదరి ఫెన్‌ఫార్మిన్ రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెంచుతోందని 1970ల చివర్లో చాలా దేశాలు నిషేధించాయి, ఆ చెడ్డపేరు మెట్‌ఫార్మిన్ మీదా పడింది. బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం 1998లో దాని మేలును తేల్చాక అది మొదటి వరుస మందుగా నిలబడింది. అన్నంతోపాటు వేసుకుంటే కడుపు తిప్పడం తగ్గుతుంది. ఒంటరిగా వాడితే లో షుగరు దాదాపు రాదు. ఈ రెండు మాటలూ చెప్పకుండా ఇస్తే రోగి విరేచనాలకు భయపడి వారంలో మానేస్తాడు.

పాత గుంటూరు జిల్లావాడే ఒకాయన కొత్త మందు కోసం ప్రపంచస్థాయి వేటలో దిగారు. తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన కె. అంజిరెడ్డి గుంటూరు ఏసీ కళాశాలలో చదివి, 1984లో హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ సంస్థ స్థాపించారు. మధుమేహానికి బాలగ్లిటజోన్ అనే అణువును రూపొందించి 1997లో డెన్మార్కు సంస్థ నోవో నోర్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చారు. ఒక భారతీయ కంపెనీ తాను కనిపెట్టిన మందును విదేశీ సంస్థకు అలా ఇవ్వడం అదే తొలిసారి. తర్వాత ఇచ్చిన రాగాగ్లిటజార్ పరీక్షలు, ఎలుకల మూత్రాశయాల్లో కణితులు కనిపించడంతో 2002లో ఆగిపోయాయి. రెండూ మందుల షాపు దాకా రాలేదు. అయినా తెలుగు నేల మీద మందుల పరిశోధనకు అవి తెచ్చిన ధైర్యం తక్కువది కాదు.

అన్నం సంగతి

డెల్టాలో షుగరు గురించి మాట్లాడేటప్పుడు వరిని తప్పించుకోలేం. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల వెలిసింది. అక్కడి పరిశోధన నుంచి 1986లో బీపీటీ 5204, అంటే సాంబ మసూరి విడుదలైంది. బీపీటీ అన్న అక్షరాలు బాపట్లవే. సన్నబియ్యం కావడంతో దక్షిణాది అంతటా అది ఇష్టమైన అన్నమైంది. అదే వంశంలో హైదరాబాదు శాస్త్రవేత్తలు ఆకు ఎండు తెగులును తట్టుకునేలా తయారుచేసిన ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ గ్లైసీమిక్ సూచీ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత త్వరగా పెరుగుతుందో చూపే కొలత) 51కి దగ్గరగా ఉందని తేలింది, అది తక్కువ విలువే. ఆ మాట విని కొందరు కంచం నిండా పెట్టుకుంటారు, అది తప్పు. సూచీ తక్కువైనా మూడు గరిటెలు ఎక్కువ తింటే చక్కెర పెరుగుతుంది. ఎంత తింటున్నారో అడగకుండా ‘అన్నం మానేయండి’ అనే సలహా ఈ ప్రాంతంలో ఎన్నడూ నిలవలేదు. అన్నం సగం చేసి, కూర, పప్పు పెంచమన్న సలహా కొంతైనా నిలిచింది.

కాలు: బాపట్ల నుంచి ఒక పాఠం

బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వారి ఎవాంజలీన్ బూత్ కుష్ఠు ఆస్పత్రి ఉంది. కుష్ఠుకూ షుగరుకూ ఏమిటి సంబంధం అనిపించవచ్చు. రెండు రోగాల్లోనూ నరం చచ్చి పాదానికి స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు ఒరిసినా నొప్పి తెలియదు, పుండు పడుతుంది, చీము ఎముక దాకా వెళుతుంది. ఈ రహస్యాన్ని లోకానికి విడమరచి చెప్పిన పాల్ బ్రాండ్ తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టి, 1946 నుంచి వెల్లూరులో కుష్ఠు రోగుల చేతులకూ కాళ్లకూ శస్త్రచికిత్సలు చేశారు. పాదం కుళ్లడానికి కారణం రోగం తినేయడం కాదు, నొప్పి తెలియక అదేచోట మళ్లీమళ్లీ ఒత్తిడి పడడం అని ఆయన నిరూపించారు. ఒత్తిడిని పంచే మెత్తటి మైక్రో సెల్యులర్ రబ్బరు చెప్పులు ఆ పరిశోధనల నుంచే వ్యాప్తిలోకి వచ్చాయి. 1966లో అమెరికా వెళ్లాక అదే జ్ఞానాన్ని ఆయన షుగరు రోగుల పాదాలకు అన్వయించారు.

కాబట్టి పుండును కడగడం, కాయ కట్టిన చర్మాన్ని తీయడం, రోజూ అరికాలు అద్దంలో చూసుకోమనడం, చెప్పు లేకుండా నడవొద్దనడం కుష్ఠు ఆస్పత్రుల నర్సులకు ఎప్పటినుంచో అలవాటైన పనులు. కళ్లంలోనూ, చేపల చెరువు గట్టుమీదా, నిజాంపట్నం తీరంలోనూ వట్టి కాళ్లతో తిరిగే జనానికి షుగరు మందులతో సమానంగా కావలసినవి ఈ సేవలే.

పల్లెకు చేరిన పరీక్ష

1989లో అచ్చయిన ఏలూరు సర్వే, పల్లెల్లో షుగరు రోగులను లెక్కించిన తొలి తెలుగు ప్రయత్నాల్లో ఒకటి. గోదావరి జిల్లాల 20 గ్రామాల్లో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనం 30 ఏళ్లు దాటినవారిలో 13.2 శాతం మందికి మధుమేహం ఉందని చూపింది. అది పట్నం రోగం అన్న నమ్మకం అక్కడితో పోయింది. గోదావరి పల్లెకూ కృష్ణా లంక పల్లెకూ తిండిలో, పనిలో పెద్ద తేడా లేదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని అంచనా కట్టింది.

2000ల చివర్లో నడిచిన 104 వాహనాలు నెలకొకసారి ఊరికి వచ్చి బీపీ, షుగరు చూసి నెలకు సరిపడా బిళ్ళలు ఇచ్చాయి. ముసలివాళ్లకు ఆ రోజు పింఛను రోజుతో సమానం. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాక ఏఎన్ఎమ్‌లు ఊరిలోనే ఉన్నారు. ఆ తర్వాత విలేజ్ క్లినిక్కుల్లో బీఎస్సీ నర్సింగ్ చదివినవారిని నియమించారు. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టరు విధానం అధికారికంగా మొదలైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారుతున్నాయి, గ్లూకోమీటరు పట్టుకున్న నర్సు మాత్రం ఊళ్లోనే ఉంది. ఈ డెల్టాలో షుగరు రోగికి మేలుచేసిన మార్పుల్లో ఇదొకటి.

గర్భిణుల విషయంలోనూ మార్పు వచ్చింది. డాక్టర్ వి. శేషయ్య ముందుకు తెచ్చిన పద్ధతిలో, తిన్నారా లేదా అని చూడకుండా 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 లేదా అంతకు మించితే గర్భిణి షుగరు. పరగడుపున బస్సెక్కి రాలేని లంక పల్లె అమ్మాయికి ఇది నిజమైన సాయం.

నేటి మందులు, నేటి జాగ్రత్తలు

విల్డాగ్లిప్టిన్ పేటెంటు 2019 చివర్లో, సిటాగ్లిప్టిన్‌ది 2022లో ముగియడంతో ఒకప్పటి ఖరీదైన బిళ్ళలు సామాన్యుడికి అందాయి. 2022 జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఇన్సులిన్ గ్లార్జిన్, టెనెలిగ్లిప్టిన్ చేరాయి.

ఇన్సులిన్ వాడేవారికి ప్రమాదం ఎక్కువగా సిరంజీ దగ్గరే పొంచి ఉంది. మనదేశంలో మామూలు సీసాలో మి.లీ.కు 40 యూనిట్లు ఉంటాయి, దాని సిరంజీకి ఎర్ర మూత. పెన్ను కార్ట్రిడ్జిలోనూ కొన్ని సీసాల్లోనూ 100 యూనిట్లు ఉంటాయి, ఆ సిరంజీకి నారింజ మూత. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజీతో తీస్తే మోతాదు రెండున్నర రెట్లు అవుతుంది.

2010లో లైలా, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాన్లు బాపట్ల దగ్గర తీరం దాటాయి. అలాంటప్పుడు కరెంటు పోతే సీసాను ఐసులో పెట్టకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనిచేయదు. తడిబట్ట చుట్టి నీళ్లు చల్లిన మట్టికుండలో, సీసాకు నీళ్లు తగలకుండా ఉంచితే కొన్నాళ్లు ఆగుతుంది.

మీ వయసు 30 దాటిందా? మీ ఊరి విలేజ్ క్లినిక్కులో షుగరు, బీపీ పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఇప్పటికే షుగరు ఉంటే, ఈసారి మందులకు వెళ్లినప్పుడు చెప్పులు విడిచి, అరికాళ్లు కూడా నర్సుకు చూపించండి.