మరణశాసనములు తెలిపిన చుట్టఱికము

ఇంగ్లండులో 1858 వరకు మరణశాసనములను విచారించి స్థిరపరచు అధికారము ముఖ్యముగా క్రైస్తవ మతన్యాయస్థానములదై యుండెను. అవి భద్రపఱచిన పత్రములవలననే షేక్స్పియరు మహాకవి భార్య పుట్టిల్లు నిశ్చయమైనది.

స్ట్రాట్‌ఫర్డు చెంతనున్న షాటరీ గ్రామపు రైతు రిచర్డు హాథవే 1581లో వ్రాయించిన శాసనమున, ఆగ్నెసు అను కుమార్తెకు పెండ్లినాడు 10 మార్కులు ఇయ్యవలెనని కలదు. అందు ఆన్ అను కుమార్తె లేదు. 1582లో కవి వివాహమునకై వ్రాసిన పూచీపత్రమునందు వధువు పేరు ఆన్ హాథవే. ఆ కాలమున ఆగ్నెసును "ఆన్నిస్" అని పలుకుచుండిరి గనుక ఇరువురు నొక్కరే యనవచ్చును. కాని ఉచ్చారణ యొక్కటియే సాక్ష్యమునకు చాలునా?

ఆ కొఱత తీర్చినవాడొక గొఱ్ఱెలకాపరి. రిచర్డు తన శాసనమున, కాపరియైన థామస్ విటింగ్టనునకు తాను బాకీపడినట్లు వ్రాయించెను. ఆ కాపరియే 1601లో తన శాసనము వ్రాయించుచు, విలియం షేక్స్పియరు భార్యయగు ఆన్ చేతిలోనున్న తన 40 షిల్లింగులను స్ట్రాట్‌ఫర్డు బీదలకిమ్మనెను. వృద్ధుడు పాత యజమాని కూతునొద్ద సొమ్ముంచుట వింతగాదు. ఆగ్నెసు, ఆన్ అను రెండు పేర్లను ఈ బాకీ యొక్క యింట చేర్చినది.

1616 నాటి కవి శాసనమున హాథవేల పేరే లేదు. అందు భార్యకు వ్రాసిన మంచమును గూర్చి పండితులు కావలసినంత వ్రాసియున్నారు. కవి మనుమరాలు ఎలిజబెత్తు మాత్రము 1670లో తన శాసనమున థామస్ హాథవేను బంధువని చెప్పి, అతని కుమార్తెలకు సొమ్ము వ్రాసెను. ఆమెకు సంతానము లేదు. హెన్లీ వీథిలోని కవి పుట్టిన యిల్లు, కవి చెల్లెలు జోన్ మనుమలైన హార్టులకు చెంది, 1806 వరకు ఆ వంశమున నిలిచెను.