వేట ముగిసిన తరువాత కుక్క ఎవరిది?

ఆస్ట్రేలియా చరిత్రను గొర్రెలతోను బంగారంతోను మొదలుపెట్టి చెప్పడం అలవాటు. ఆ రెండింటికంటె ముందు ఇక్కడి తెల్లవారి కడుపు నింపడంలో వేటకుక్కకు పెద్ద పాత్ర ఉన్నది. ఆ కథ మన పాఠకులు తెలుసుకోదగినది.

1788లో సిడ్నీకి వచ్చిన మొదటి నౌకలలోనే కుక్కలు ఉన్నాయి. 1804లో టాస్మానియా దీవిలో హోబార్ట్ పట్టణం వెలసింది. తొలి సంవత్సరాలలో తిండికి కరువు వచ్చినప్పుడు అధికారులు, ఖైదీలు అందరూ కంగారూ మాంసం మీద బ్రతికారు. పరుగులో కంగారూను అందుకొనే పెద్ద కుక్కలే దానిని పట్టేవి. అందుచేత మంచి వేటకుక్కకు ఎంతో విలువ. ఆ దీవి ఆదివాసులకు అంతకుముందు కుక్క తెలియదు. వారు కూడా త్వరలోనే కుక్కలను చేరదీసి వేటకు తీసుకుపోయారు.

తరువాత గోధుమ పండింది, గొర్రెల మందలు పెరిగాయి, వేటకుక్కతో పని తగ్గింది. తప్పిపోయినవి, యజమానులు వదిలివేసినవి అడవి పట్టి, ఆకలికి గొర్రెల మీద పడ్డాయి. నింద మాత్రం థైలసీన్ అనే చారల జంతువుకు వచ్చింది. దానినే టాస్మానియా పులి అంటారు. 1888 నుండి 1909 వరకు ప్రభుత్వమే ఒక్కొక్క పెద్ద జంతువుకు ఒక పౌను చొప్పున బహుమానమిచ్చి చంపించింది. మనకు తెలిసిన చివరి థైలసీన్ 1936 సెప్టెంబరు 7న హోబార్ట్ జంతుప్రదర్శనశాలలో చనిపోయింది. గొర్రెల నష్టంలో కుక్కల పాలే ఎక్కువని పరిశోధకులు తరువాత వాదించారు.

ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో ఈనాటికీ అటువంటిదే జరుగుతున్నది. ఫిజీలో మన తాతల చెమటతో చక్కెర తీసిన సి.ఎస్.ఆర్. కంపెనీకి ఒకప్పుడు అక్కడి ఇంగ్హాం దగ్గర కూడా మిల్లులు ఉండేవి. ఆ ప్రాంతపు చెరకు తోటలను అడవిపందులు పాడుచేస్తాయి. పందుల వేటకు కుక్కలను తీసుకుపోతారు. తప్పిపోయిన కుక్కను వెదకకుండా, పనికిరాని కుక్కను అక్కడే వదిలి వచ్చేవారు ఉన్నారు. ఎగరలేని కాసోవరీ పక్షికి అటువంటి కుక్కలు ప్రాణాంతకం. ఆ పక్షి సంతతి ఇప్పటికే అపాయంలో ఉన్నది.

చట్టాలకు లోటు లేదు. సిడ్నీ వీధులలో తిరిగే కుక్కల బాధ తగ్గించడానికి 1830లోనే చట్టం చేశారు. న్యూ సౌత్ వేల్స్‌లో 1979 చట్టం ప్రకారం జంతువును వదిలివేయడం నేరం. అక్కడే 1998 చట్టం కుక్కకు మైక్రోచిప్ పెట్టించి నమోదు చేయించమంటుంది.

క్వీన్స్‌లాండ్ తోటలకు 1863 నుండి తెచ్చిన పసిఫిక్ దీవులవారిలో వేలాదిమందిని, 1901 చట్టం చేసి వెనుకకు పంపివేశారు. మనిషికి, కుక్కకు పోలిక పెట్టడం నా ఉద్దేశం కాదు. పని చేయించుకున్నవాని బాధ్యత ఎక్కడ ముగుస్తుందన్నదే ప్రశ్న. పని తీరగానే 'నీ దారి నీది' అనడం ఎటువంటిదో గిర్మిట్ సంతతికి వేరే చెప్పనక్కరలేదు. కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ కూడా మన ఇళ్ళలో తెలిసినదే.

కాబట్టి కుక్కపిల్లను తెచ్చేముందే దాని ముసలితనాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. ఇల్లు మారితే మైక్రోచిప్ నమోదులోని చిరునామా మార్పించాలి. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించాలి. ఉంచుకోలేని రోజు వస్తే కౌన్సిల్‌కో, ఆర్.ఎస్.పి.సి.ఎ.కో స్వయంగా అప్పగించాలి. అడవి దారిలో మాత్రం విడువకూడదు.