నల్లచుక్కల పుస్తకం

ఒకప్పుడు చాకలిపద్దు లేని ఇల్లుండేది కాదు. చీరలు నాలుగు, పంచెలు రెండు, దుప్పటి ఒకటి. తిరిగి రాని బట్టకెదురుగా అమ్మ పెన్సిలుతో ఓ చుక్క పెట్టేది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథ చదువుతుంటే నాకు ఆ పద్దే గుర్తొచ్చింది. కాకపోతే ఆయన పద్దు రాసుకున్నది బట్టలకు కాదు, తన గుణాలకు!

ఫిలడెల్ఫియాలో అచ్చాఫీసు నడుపుకుంటూ, ముప్ఫై ఏళ్లయినా నిండని రోజుల్లో, ఇక ఏ తప్పూ చెయ్యకుండా బతకాలని నిశ్చయించుకున్నాడాయన. అనుకోవడం ఎంతసేపు? ఒక తప్పు మీద కన్నేసి కూచుంటే ఇంకోటి పెరటి గుమ్మంలోంచి వచ్చేస్తోంది. అందుకని మితాహారం, మితభాషణం, పొదుపు, శుభ్రత అంటూ పన్నెండు గుణాలు రాసుకున్నాడు. అది చూసిన స్నేహితుడొకడు, నీకు గర్వం ఎక్కువని అందరూ అనుకుంటున్నారయ్యా అన్నాడట. దాంతో పదమూడోది చేరింది. వినయం!

చిన్న పుస్తకంలో ఎర్రసిరాతో గళ్లు గీసుకున్నాడు. వారానికి ఏడు నిలువు గళ్లు, గుణాలకు పదమూడు అడ్డగళ్లు. వారానికొక గుణం మీద ప్రత్యేకంగా శ్రద్ధ. పదమూడు వారాలకు ఒక విడత, ఏడాదికి సరిగ్గా నాలుగు విడతలు. రోజూ సాయంత్రం ఆనాటి తప్పులన్నిటికీ నల్లచుక్కలు పెట్టుకునేవాడు. కొత్త విడతకు చోటు కావాలని పాత చుక్కలు గీకేసి గీకేసి, చివరికి కాగితమంతా చిల్లులు పడింది. ఆ తర్వాత దంతపు రేకుల మీద గళ్లు గీసి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, తడి స్పంజితో తుడిచేవాడు. నాకు మాత్రం ఆ చిల్లుల పుస్తకమే నచ్చింది.

తానూహించిన దానికంటే తనలో లోపాలు చాలా ఎక్కువున్నాయని చూసి ఆశ్చర్యపోయాడు. అవి తగ్గుతూ రావడం చూసి సంతోషించాడు. రోజూ పుస్తకం తెరవకపోతే ఈ రెండూ తెలిసేవి కావు. అన్నిటికంటే మొండికేసింది పద్ధతి. ఏ వస్తువు చోటులో ఆ వస్తువు, ఏ పని వేళకు ఆ పని అన్నది ముసలితనం దాకా ఆయనకు అబ్బలేదు. గర్వమూ అంతే. కానీ మాటల్లో “నిస్సందేహంగా” లాంటివి మానేసి, “నాకిలా తోస్తోంది” అనడం అలవాటు చేసుకున్నాడు. దాంతో తన మాట నలుగురూ వినడం మొదలుపెట్టారట. ఒకవేళ గర్వాన్ని పూర్తిగా జయిస్తే, తన వినయం చూసుకుని గర్వపడేవాణ్ణేమో అన్నాడు పెద్దమనిషి!

పొద్దున అయిదింటికే లేచి, ఇవాళ ఏం మంచి పని చెయ్యాలా అని ఆలోచించుకోడానికి ఆయనకు తీరిక ఎలా దొరికిందని మీకు అనుమానం రావచ్చు. ఇంట్లో డెబోరా ఉంది కదా! కరపత్రాలు మడతపెట్టి కుట్టడం, దుకాణం చూసుకోవడం, కాగితం తయారు చేసేవాళ్ల కోసం పాత గుడ్డపీలికలు కొనడం ఆమె పనులు. ఇది ఆయనే మెచ్చుకుంటూ రాశాడు.

జీవితంలో చేసిన తప్పులకు ఆయన పెట్టుకున్న పేరు అచ్చుతప్పులు. వాటిల్లో పెద్దది డెబోరా విషయమే. పెళ్లి మాటలు జరిగాక, 1724లో లండను వెళ్లి, ఆమెకు ఒక్కటంటే ఒక్క ఉత్తరం రాసి మరిచిపోయాడు. 1730లో ఆమెను భార్యగా తెచ్చుకుని, ఆ అచ్చుతప్పును చేతనయినంత దిద్దుకున్నానని రాశాడు.

ఆ మాట రాసింది 1771లో, ఇంగ్లండులో కూచుని. 1764లో బయల్దేరి వచ్చినవాడు, అప్పటికి ఏడేళ్లు కావస్తోంది. డెబోరా ఫిలడెల్ఫియాలో ఉంది. సముద్రమంటే భయంతో ఆమె ఓడెక్కనంది. అప్పటికే పక్షవాతం కూడా తగిలింది. రమ్మని ఉత్తరాలు రాస్తూనే ఉంది. 1774 డిసెంబరులో పోయింది. ఆయన ఇల్లు చేరింది 1775లో.

ఆత్మకథ ఆ సంవత్సరాల దాకా రాకుండానే ఆగిపోయింది. గళ్ల పుస్తకం సంగతి రాసింది 1784లో, పారిస్ పక్కన పాసీలో, డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో. దూరప్రయాణాల వల్ల, పనుల వల్ల విడతలు తప్పిపోయాయనీ, పుస్తకాన్ని మాత్రం ఎక్కడికెళ్లినా వెంట తీసుకెళ్లేవాణ్ణనీ అందులో చెప్పాడు.