కాశీయాత్ర – పల్లకి నుండి పొగబండి వరకు

"కాశికి పోయినవాడును, కాటికి పోయినవాడును ఒక్కటే" యని పూర్వులు చెప్పుచుండెడివారు. తాండూరులో రైలెక్కి మూడవ దినమున గంగాస్నానము చేయగల నేటి యువకులకు ఈ సామెత పరిహాసముగా దోచవచ్చును. కాని ఆ మాట పరిహాసమున బుట్టినది కాదు. కాశీయాత్రకు సంకల్పించిన గృహస్థు ముందుగా ఋణములు తీర్చుకొనెడివాడు. రావలసిన బాకీలను కుమారులకు జెప్పెడివాడు. భూముల పంపకమును పెద్దమనుష్యుల యెదుట నిర్ణయించెడివాడు. ఊరివారు పొలిమేర వరకు సాగనంపి కన్నీటితో మరలెడివారు. తిరిగి వచ్చిన నాడు గంగపూజ, సంతర్పణ. రాని నాడు కర్మకాండ. ఈ రెండింటికిని సిద్ధపడియే బయలుదేరవలెను.

వికారాబాదు తాండూరు ప్రాంతములకు నదులు లేకపోలేదు. అనంతగిరి కొండలలో బుట్టిన మూసీ తూర్పునకు బ్రవహించి, భాగ్యనగరమును దాటి, నల్లగొండ సీమలోని వాడపల్లి కడ కృష్ణలో గలియుచున్నది. ఆ కొండల పడమటి జలములను గొని కాగ్నా తాండూరు ప్రక్కగా బోయి భీమలో గలియును. భీమ కృష్ణలో గలియును. ఒక్క కొండపై గురిసి రెండు దిక్కులకు బోయిన వాన వాడపల్లి కడ మరల నేకమగుచున్నది. అనంతగిరిపై అనంతపద్మనాభస్వామి వెలసియున్నాడు. ఇంతటి తీర్థము చెంతనుండియు, జీవితమున నొక్కమారైన కాశిని జూడవలెనను కోరిక తెలుగువారిని విడువలేదు. శ్రీనాథ మహాకవి కాశీఖండమును తెనిగించి పదునైదవ శతాబ్దముననే ఆ క్షేత్రమును తెలుగు వాకిటికి దెచ్చెను. వివాహములందు వరుడు గొడుగు, చేతికఱ్ఱ ధరించి కాశికి బయలుదేరుట నేటికిని జరుగుచున్న వేడుక. మధిర సుబ్బన్న దీక్షితుల వారి కాశీమజిలీ కథలను గ్రంథాలయములలో నలుగకుండ నున్న ప్రతి దొరకుట యరుదు. నడకయే గతియైన కాలమున మజిలీకొక కథ చెప్పుకొనక తప్పినది కాదు.

ఇట్లు నడచి పోయినవారు వేనవేలు. తమ యాత్రను వ్రాసి యుంచినవారు మాత్రము మిక్కిలి కొలది. వారిలో నగ్రగణ్యుడు ఏనుగుల వీరాస్వామయ్య. ఈయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండి పేరుగన్నవాడు. 1830వ సంవత్సరము మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, కాశీ, గయాది క్షేత్రములను సేవించి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి స్వస్థలము చేరెను. అనగా 15 మాసములకు పైబడిన ప్రయాణము. పోవునపుడు తిరుపతి, అహోబిలము, శ్రీశైలములను దర్శించి, కృష్ణను దాటి, హైదరాబాదు, నిర్మల, నాగపురము, జబ్బలపురము, ప్రయాగల మీదుగా కాశి చేరెను. వచ్చునపుడు గయ, కలకత్తా, పురీ జగన్నాథముల మీదుగా తూర్పు సముద్రతీరము వెంట దిగివచ్చెను.

ఆయన యొంటిగా బోలేదు. కుటుంబము, బంధువులు, వంటవారు, సేవకులు, పల్లకి బోయీలు కలిసి సుమారు 100 మంది. ఇంత పరివారము వైభవమునకని తలచుట పొరపాటు. ఆ కాలమున గుంపుగా బోవుటయే రక్షణ. బాటలలో ఠగ్గుల భయముండెను. యాత్రికుల వలెనే వచ్చి, కూడ నడచి, నమ్మిక కలిగించి, నిర్జన ప్రదేశమున గొంతునకు రుమాలు బిగించి చంపుట వారి వృత్తి. ఆ దశకముననే స్లీమన్ అను ఆంగ్లాధికారి జబ్బలపుర ప్రాంతమున వారిని పట్టి శిక్షింపజేయుచుండెను. వీరాస్వామయ్య పరివారము నడచినది ఆ మార్గముననే. దొంగలు లేని చోట నదులుండెను. మే మాసమున చెన్నపట్టణము విడిచినవారు వర్షకాలమున దక్కనును దాటవలసి వచ్చును. వంతెన లేని వాగు కడ నీరు తీయువరకు గట్టున గూర్చుండుట తప్ప వేరు ఉపాయము లేదు. పదిమంది కొక పూట బియ్యము దొరకు పల్లెలో నూరుమందికి దొరకదు. జనసంఖ్య దొంగలనుండి కాపాడినను, ఆకలిని హెచ్చించెడిది. గుంపు నడుపువాని నేర్పు ఈ రెండింటికిని నడుమ సమతూకము కుదుర్చుటలోనే యున్నది.

ఆనాటి బాట ఒక్క ప్రభుత్వము క్రింద లేదు. చెన్నపట్టణమున కుంపినీ దొరలు. హైదరాబాదున నాసిరుద్దౌలా నిజాము, ఆయన పేష్కారు చందూలాలు. నాగపురమున భోంసలే వంశీయుడైన మూడవ రఘోజీ. అటుపై మరల కుంపినీ. ప్రభుత్వము మారిన చోటెల్ల సుంకపు ఠాణా మారును, నాణెము మారును, తూకము మారును. కుంపినీ వారు తమ పాలనలోని దేశమంతట నొకే తీరు రూపాయి చెల్లునట్లు శాసించినది 1835లో, అనగా ఈ యాత్ర ముగిసిన నాలుగేండ్లకు. అంతవరకు యాత్రికుడు మజిలీ మజిలీకి సరాఫుల కడ మారకపు బట్టా నష్టపడుచు సాగవలసినదే. తీర్థములకు జేరిన పిదపనైన వ్యయము తగ్గునా యనిన, అదియు లేదు. ప్రయాగలోను, గయలోను, పురిలోను కుంపినీ ప్రభుత్వమే యాత్రికులపై పన్ను వసూలు చేయుచుండెను. ఈ పన్నులు 1840లో గాని తొలగలేదు. కాబట్టి కాశీయాత్ర భక్తునికి ఎంత తపస్సో, జమాఖర్చు వ్రాయువానికి అంత పరీక్ష.

వీరాస్వామయ్య ఆ పరీక్షలో నెగ్గినవాడు. ఆయన దారిలో వ్రాసిన వృత్తాంతమును చెన్నపట్టణములోని మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు తెలియజేయుచుండెను. ఏ యూర నీరు మంచిది, ఎచ్చట అంగళ్ళున్నవి, ఏ మజిలీలో దిగుటకు వసతి గలదు, బాట ఇసుకయా, రాయియా, అడవియా యను సంగతులను ఆయన శ్రద్ధతో గుర్తించెను. తరువాత పోవువారికి పనికివచ్చునని తలచి వ్రాసిన వ్రాత యది. భాషయు నట్టిదే. ప్రబంధ శైలికి బోక, ఆ కాలపు కచ్చేరీలలోను ఇండ్లలోను చెల్లిన మాటలనే, హిందుస్తానీ పదములతో సహా, వాడెను. తెలుగున తొలి సమగ్ర యాత్రాచరిత్రగా పండితులు దీనిని గౌరవించుటకు గల కారణములలో ఈ సత్యసంధత యొకటి.

భాగ్యనగర ఘట్టము మన ప్రాంతము వారు ప్రత్యేకముగా జదువదగినది. దక్షిణమునుండి వచ్చి ఉత్తరమునకు బోవు వానికి అచ్చట మూసీ యడ్డము. దానిపై 1578లో గట్టిన పురానాపూలు అప్పటికే రెండున్నర శతాబ్దముల వంతెన. గంగకు బోవుచున్న ఆ నూరుమంది నడుమదారిలో దాటినది అనంతగిరి నీరే.

1836లో వీరాస్వామయ్య కీర్తిశేషుడయ్యెను. శ్రీనివాసపిళ్ళ ఆ వ్రాతలను గూర్చి 1838లో "కాశీయాత్ర చరిత్ర" యను పేర అచ్చువేయించెను. 1869లో మరల ముద్రణ జరిగెను. పిదప గ్రంథము దుర్లభమై పోగా, బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకటశివరావు పంతులుగారు పరిష్కరించి 1941లో ప్రకటించిరి. రెండవ కూర్పునకును మూడవ కూర్పునకును నడుమ 72 ఏండ్లు గడచినవి. ఆ కాలమంతయు ప్రతిని భద్రపరచినవారు లేకున్నచో నేడు ఈ కథ చెప్పుటకు ఆధారమే యుండదు.

యాత్రాస్వరూపమును మార్చినది పొగబండి. 1870లో బొంబాయి నుండి జబ్బలపురము, ప్రయాగల మీదుగా కలకత్తాకు రైలుమార్గము పూర్తియయ్యెను. 1871లో బొంబాయి చెన్నపట్టణములు కలిసెను. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు నిజాము ప్రభుత్వపు రైలు నడచుటతో తాండూరు, వికారాబాదులు ఆ మహామార్గమున జేరినవి. నాడు తాండూరులో బండి యెక్కిన యాత్రికుడు ముందు పడమటికి బోయి, వాడిలో మారి, షోలాపురము, పూనా, కల్యాణము చుట్టి, జబ్బలపురము, ప్రయాగ మీదుగా మొగలుసరాయి చేరవలెను. ఉత్తరముననున్న కాశికి బోవుటకు బొంబాయి వాకిలి వరకు బోవుట! అయినను 15 మాసముల యాత్ర దినముల లెక్కకు వచ్చెను. 1887లో కాశి కడ గంగపై డఫరిన్ వంతెన కట్టబడగా, పడవ సాయము లేకయే నగరప్రవేశము సాధ్యమయ్యెను. 1948 నుండి ఆ వంతెన మాలవీయుని పేర వ్యవహరింపబడుచున్నది. 1929లో కాజీపేట బల్లార్షా మార్గము పూర్తియైన పిదప మన యాత్రికులు సికింద్రాబాదు మీదుగా నాగపురమునకు దిన్నగా బోసాగిరి. అనగా రైలు యాత్రికుని ఏబదియైదేండ్లు పడమట త్రిప్పి, తుదకు వీరాస్వామయ్య నడచిన నాగపుర మార్గమునకే చేర్చినది.

ఈ మార్పు వలన గలిగిన మేలు సామాన్యము కాదు. నడక కాలమున కాశి ధనవంతునిది. లేదా సర్వమును త్యజించిన సన్యాసిది. నడిమివారికి ధనికుని పరివారములో జేరుటయే శరణ్యము. రైలు వచ్చిన పిదప చిన్న రైతు, చేతిపనివాడు, ఏ యండయు లేని వితంతువు సైతము, కూడబెట్టుకొన్న రూకలతో మూడవ తరగతి టిక్కెట్టు కొని, తన పేర తానే పోగలిగిరి. గుంపు పోలేదు, గుంపు స్వభావము మారినది. పూర్వము యజమాని పరివారమై సాగినది ఇప్పుడు ఇరుగుపొరుగుల జట్టు అయినది. కాశిలో శ్రీరామ తారక ఆంధ్రాశ్రమము వంటి సంస్థలు తెలుగుమాట, తెలుగుభోజనము నొసగి ఆ జట్టులకు పుట్టింటి వంటివైనవి.

అపాయము మాత్రము పూర్తిగా తొలగలేదు, రూపము మార్చుకొన్నది. పూర్వము నిర్జనమైన బాట భయము. తరువాత జనసమ్మర్దమే భయము. 1867లో హరిద్వార కుంభమేళా నుండి మరలిన యాత్రికులతో విషూచి ఉత్తరదేశమున వ్యాపించెను. 1954 ఫిబ్రవరి 3వ తేదీన ప్రయాగ కుంభమేళా త్రొక్కిసలాటలో వందలకొలది ప్రాణములు బోయినవి. 2015 జులై 14వ తేదీన గోదావరీ పుష్కరముల తొలిదినముననే రాజమహేంద్రవరములో 20 మందికి పైగా యాత్రికులు మరణించిరి. ఠగ్గులను అణచుటకు ఒక అధికారి పట్టుదల యక్కరపడినట్లే, త్రొక్కిసలాటను నివారించుటకును ముందుచూపు, లెక్క, క్రమము అవసరము. నూరుమందిని వెంట దీసికొని పోయిన వీరాస్వామయ్యకు మజిలీ నీరు ఎందరికి చాలునో ముందే విచారించు అలవాటుండెను. లక్షలమంది చేరు ఘట్టమునకు ఆ విచారణ లక్షరెట్లు కావలెను.

ఇక ఆలోచింపవలసిన విషయము మరియొకటి గలదు. పల్లకిలో గూర్చున్నవాని చరిత్ర మిగిలినది. పల్లకి మోసినవారు తమ యాత్రను వ్రాయలేదు. వారును అదే యెండలో, అదే వానలో, అంతకంటె నధికమైన శ్రమతో, కాశి చేరినవారే. 1874 మొదలు వికారాబాదు, తాండూరు స్టేషనులలో బండి యెక్కిన మన పల్లెల వారి సంగతియు నిట్లే యున్నది. వారి పేర్లు ఎచ్చటను లేవనుటకు వీలులేదు. ప్రయాగ, గయ మున్నగు క్షేత్రములలో తీర్థపురోహితులు తమ కడకు వచ్చిన యాత్రికుని పేరు, ఊరు, తండ్రి తాతల పేర్లు బహీలలో వ్రాసికొని, చేవ్రాలు చేయించుకొనుట తరతరముల ఆచారము. వందల మైళ్ళ దూరమున, వేరు లిపి పుస్తకములలో, మన ముత్తాతల పేర్లుండుట సంభవము. వారు పుట్టిన ఊరిలో మాత్రము నాలుగవ తరము పేరు అడిగిన చెప్పగలవారు అరుదు.

తాండూరు కొడంగల్ తాలూకాలు 1956కు పూర్వము గుల్బర్గా జిల్లాలో నుండి, ఆ యేడు తెలుగు రాష్ట్రమున జేరినవి. 2016 అక్టోబరు 11వ తేదీన వికారాబాదు ప్రత్యేక జిల్లా యయ్యెను. ఈ మార్పులన్నింటికిని ఫర్మానాలు, గెజిట్లు, రికార్డులు గలవు. ఒక్క మనుష్యుల ప్రయాణములకే రికార్డు లేదు. గ్రామ గ్రంథాలయము కొన్న పుస్తకములకు కాపరి యగుటతో పాటు, కొనుటకు దొరకని పుస్తకమునకు కర్త కూడ కాదగును. దట్టమైన కాగితముల దస్తరమొకటి కుట్టించి, కాశికి గాని, శ్రీశైలమునకు గాని, గోదావరీ కృష్ణా పుష్కరములకు గాని పోయివచ్చిన వృద్ధుల వలన బయలుదేరిన తేది, జట్టులోని వారి పేర్లు, దారి, వ్యయము, దారిలో జబ్బుపడిన వారెవరు, తిరిగి రానివారెవరు అను సంగతులను వ్రాయించినచో చాలును. భాష అందముగా లేకున్నను దోషము లేదు. వీరాస్వామయ్యయు అందమునకై వ్రాయలేదు. చెప్పగల వృద్ధులు ఇంకను కొందరున్నారు. వారి కడకు బోవుట ఈ యేడే జరుగవలెను.