యూసుఫ్ సాబ్ రెండు గొంతులు

మా పెద్ద భాయ్‌కీ నాకూ మధ్య ఒక పాత బహస్ ఉంది. ఏళ్ళు గడిచాయి గానీ తెగలేదు. జమీన్ గురించో జాయ్‌దాద్ గురించో కాదు ఆ తకరార్. లండన్‌లో పుట్టిన ఒక ముసలి పాటగాడి గురించి. దునియా ఆయన్ని క్యాట్ స్టీవెన్స్ అంది. మా ఇంట్లో మేం యూసుఫ్ ఇస్లామ్ అన్నాం.

కహానీ తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 1948లో పుట్టారు. వాలిద్ సైప్రస్ గ్రీకు, అమ్మీ స్వీడన్ మనిషి. కింద వాళ్ళ హోటల్, పైన ఇల్లు. కుర్రతనంలోనే హిట్ పాటలు, ఆ వెంటనే టీబీ, నెలల తరబడి పడక. లేచాక 1970లో టీ ఫర్ ది టిల్లర్‌మన్, 1971లో టీజర్ అండ్ ది ఫైర్‌క్యాట్ ఇచ్చారు. షోహ్రత్ ఆకాశాన్నంటింది. 1977లో ఇస్లామ్ కబూల్ చేశారు. మరుసటి ఏడు బ్యాక్ టు ఎర్త్ ఇచ్చి, ఆ తర్వాత గిటార్లు వేలం వేసి పైసలు ఖైరాత్ చేసేశారు. 1983లో లండన్‌లో పిల్లలకు స్కూలు పెట్టారు. 1995లో నబీ జీవితం మీద ఒక ఆల్బమ్ తెచ్చారు, అందులో ఎక్కువ భాగం మాటలే.

ఆ క్యాసెట్‌నే మా మామూ జిద్దా నుంచి పంపాడు. మా భాయ్‌కి మౌతార్గాన్ అంటే జాన్. ఊళ్ళో పెళ్ళి దావత్ ఏదైనా భాయ్ వాయించాల్సిందే. కానీ అంత పెద్ద మనిషే గిటార్ వదిలేశాడని తెలిశాక, మౌతార్గాన్‌ని రుమాల్లో చుట్టి సందూక్‌లో పెట్టేశాడు. ఎవరూ వద్దనలేదు. తనే వదిలేశాడు.

2006లో యూసుఫ్ సాబ్ గిటార్‌తో తిరిగొచ్చారు. ఆల్బమ్ పేరు ఎన్ అదర్ కప్. పాప్ ఆల్బమ్ చేసి అప్పటికి 28 ఏళ్ళు. కొడుకు ఇంట్లోకి గిటార్ తెచ్చాడనీ, ఒకరోజు చేతిలోకి తీసుకుంటే వేళ్ళు పాత జాగాల్ని మరిచిపోలేదనీ ఆయనే చెప్పుకున్నారు. భాయ్ ఈ ఖబర్ విని ఒకే మాట అన్నాడు: "మరి నా సంగతేంది?"

ఆయన చాహ్నేవాలేలు రెండు వైపులా నారాజ్ అయ్యారు. మన వైపు కొందరు, సాజ్ జాయెజ్ కాదు, తౌబా చేసి మళ్ళీ అదే దారా అన్నారు. దానికి ఆయన 2014లో ఒక చిన్న కితాబ్ రాసి, తను ఇంకా గిటార్ ఎందుకు మోస్తున్నాడో చెప్పుకున్నారు. గోరా అభిమానుల షికాయత్ వేరు. కొందరు 1989లోనే దూరమయ్యారు. రష్దీ నవల గొడవలో ఆయన అన్న మాటల తర్వాత, 10,000 మేనియాక్స్ అనే బ్యాండ్ తాము పాడిన ఆయన పీస్ ట్రెయిన్ పాటను తమ ఆల్బమ్ తర్వాతి అమెరికా ముద్రణల్లోంచి తీసేసింది. మిగిలినవాళ్ళు, గొంతు అదే గానీ ఆ బేచైనీ ఏదీ అన్నారు. పాత పాటల్లో సవాళ్ళు ఉండేవి, కొత్తవాటిలో జవాబులే ఉన్నాయన్నారు.

సచ్ చెప్పాలంటే నేనూ ఆ రెండో జమాతే. 2009 నాటి రోడ్‌సింగర్ విని, చాయ్‌లో పత్తీ తక్కువైంది అన్నాను. భాయ్‌ది 1978 యూసుఫ్, నాది 1970 స్టీవెన్స్. ఇద్దరికీ అక్కర్లేనివాడు ఎదురుగా కూర్చుని పాడుతున్న ముసలాయన ఒక్కడే.

ఆల్బమ్‌ల అట్టలు వరసగా చూస్తే ఒక ఫర్క్ తెలుస్తుంది. 2006 అట్ట మీద యూసుఫ్ అని ఒక్క పేరే. 2017లో ది లాఫింగ్ యాపిల్ మీద యూసుఫ్, క్యాట్ స్టీవెన్స్ రెండూ ఉన్నాయి. అందులో 1967 నాటి సొంత పాటలు కొన్ని మళ్ళీ పాడారు. మేం బయట కొట్లాడుకుంటుంటే ఆయన లోపల సులహ్ చేసుకుంటున్నారన్న మాట.

2020లో టిల్లర్‌మన్ మొత్తాన్నీ మళ్ళీ రికార్డు చేశారు. అందులో ఫాదర్ అండ్ సన్ ఉంది. ఇల్లు విడిచి వెళ్తానన్న కొడుకుకూ ఆపాలనుకున్న తండ్రికీ మధ్య గుఫ్తగూ. 1970లో 22 ఏళ్ళ కుర్రాడు రెండు గొంతులూ తనే పాడాడు, తండ్రి గొంతు బరువు చేసి. కొత్తదానిలో తండ్రిగా 70 దాటిన యూసుఫ్ సాబ్ పాడారు. కొడుకు గొంతు మాత్రం 1970లో లాస్ ఏంజెలిస్ ట్రూబడూర్‌లో రికార్డైన ఆయన సొంత జవాన్ గొంతే.

అది విన్నాక నా ఫిర్యాదు వాపస్ తీసుకున్నాను. ఆ బరువు నటించి తెచ్చేది కాదు, 50 ఏళ్ళు బతికి తెచ్చుకోవాల్సింది. నేను అడిగిన బేచైనీ కుర్రాడిది. అది ముసలాయన దగ్గర ఉంటేనే అబద్ధం.

మొన్న ఈద్‌కి భాయ్‌కి ఫోన్‌లో వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇంకోసారి పెట్టు" అన్నాడు. రెండోసారి అయ్యేసరికి మగ్రిబ్ అజాన్ అయింది, లేచి వజూకి వెళ్ళాడు. నేను గెలిచానని చెప్పను. మౌతార్గాన్ ఇంకా సందూక్‌లోనే ఉంది. భాయ్ వదిలింది సచ్చే దిల్‌తో వదిలాడు. యూసుఫ్ సాబ్ తిరిగి అందుకున్నదీ సచ్చే దిల్‌తోనే అని ఒప్పుకోవడానికి, మా ఇంట్లో ఇంకొన్ని ఈద్‌లు పడతాయేమో.